యూపీవీసీ కిటికీ హ్యాండిల్ పాడైతే ఏం చూసుకోవాలి, ఎలా మార్చుకోవాలి

కిటికీ అంతా బాగానే ఉంటుంది. అద్దం పగల్లేదు, ఫ్రేమ్ వంగలేదు. ఒకరోజు మూయబోతే హ్యాండిల్ విరిగి చేతిలోకి వచ్చేస్తుంది. హైదరాబాద్, విజయవాడ, గుంటూరు అపార్ట్‌మెంట్లలో చెక్క కిటికీల స్థానంలో యూపీవీసీ వచ్చాక ఇది చాలా ఇళ్లలో కనిపించే ఇబ్బంది. కార్పెంటర్‌ని పిలిస్తే ‘ఇది మా పని కాదు’ అంటాడు. హార్డ్‌వేర్ షాపులో అడిగితే ‘ఏ మోడల్?’ అంటారు. కిటికీ పెట్టిన కంపెనీకి ఫోన్ చేస్తే ఒక్కోసారి రెక్క మొత్తం మార్చాలనే సమాధానం వస్తుంది. నిజానికి చాలాసార్లు మార్చాల్సింది హ్యాండిల్ ఒక్కటే. రెండు స్క్రూలు, మూడు కొలతలు తెలిస్తే ఇంట్లోనే అరగంటలో అయిపోయే పని.

అయితే ముందు పాడైంది హ్యాండిలేనా అన్నది తేల్చుకోవాలి. తొందరపడి కొత్తది కొనేసి, అది బిగించాక కూడా కిటికీ మూతపడక తల పట్టుకునేవాళ్లు చాలామంది ఉంటారు.

యూపీవీసీ అంటే అన్‌ప్లాస్టిసైజ్డ్ పాలీవినైల్ క్లోరైడ్. మెత్తదనం కోసం కలిపే పదార్థాలు లేని గట్టి ప్లాస్టిక్ అన్నమాట. ఫ్రేమ్ లోపల గదులు గదులుగా బోలుగా ఉంటుంది, బలం కోసం ఆ గదుల్లో జింక్ పూత వేసిన ఇనుప రీఇన్‌ఫోర్స్‌మెంట్ పెడతారు. తలుపులా తెరుచుకునే కిటికీకి, అంటే కేస్‌మెంట్ కిటికీకి, హ్యాండిల్ పైకి కనిపించే పిడి మాత్రమే. అసలు తాళం రెక్క అంచు లోపల ఉంటుంది. అక్కడ ఒక చిన్న గేర్‌బాక్స్, దాని నుంచి పైకీ కిందకీ వెళ్లే పొడవాటి లోహపు పట్టీ ఉంటాయి. హ్యాండిల్ వెనక ఉండే చదరపు కడ్డీ గేర్‌బాక్స్‌లోకి దూరుతుంది. హ్యాండిల్ పావు చుట్టు తిప్పితే పట్టీ జరిగి, దాని మీదున్న చిన్న బొడిపెలు ఫ్రేమ్‌కు బిగించిన ఇనుప కొక్కేల్లోకి వెళ్లి పట్టుకుంటాయి. ఈ ఏర్పాటును ఎస్పాగ్ లాక్ అంటారు, చదరపు కడ్డీని స్పిండిల్ అంటారు. షాపులో ఈ రెండు మాటలు వాడితే సగం పని సులువవుతుంది.

ఇప్పుడు పరీక్ష. రెక్క తెరిచి ఉంచి హ్యాండిల్ తిప్పండి. తెరిచినప్పుడు తేలిగ్గా తిరిగి, మూసినప్పుడు మాత్రం బలం పెడితేగానీ తిరగడం లేదంటే తప్పు హ్యాండిల్‌ది కాదు. రెక్క కొంచెం కిందకు వాలింది, బొడిపెలు కొక్కేలకు ఎదురుగా రావడం లేదు. దాన్ని సరిచేయకుండా కొత్త హ్యాండిల్ పెడితే అదీ కొన్నాళ్లకు విరుగుతుంది. చాలా హ్యాండిళ్లు విరగడానికి అసలు కారణం ఇదే. రోజూ బలంగా నొక్కి తిప్పుతుంటే జింక్ మిశ్రమంతో పోత పోసిన పిడి మెడ దగ్గర చిట్లుతుంది.

హ్యాండిల్ గిరగిరా తిరుగుతున్నా లోపల ఏమీ కదలడం లేదంటే ఇంకో పరీక్ష కావాలి. హ్యాండిల్ విప్పేసి, స్పిండిల్‌ను గానీ అదే మందమున్న చదరపు కడ్డీని గానీ గేర్‌బాక్స్ రంధ్రంలో పెట్టి కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుని మెల్లగా తిప్పాలి. పట్టీ పైకీ కిందకీ జరిగితే గేర్‌బాక్స్ బాగున్నట్టే, హ్యాండిల్ మారిస్తే చాలు. జరక్కపోతే, లేదా లోపల కరకరమని జారుతుంటే గేర్‌బాక్స్ పోయింది. అప్పుడు హ్యాండిల్ కొనడం డబ్బు దండగ. మూసి ఉన్న కిటికీకి హ్యాండిల్ విరిగిపోతే తెరవడానికి కూడా ఇదే ఉపాయం. స్క్రూడ్రైవర్ దూర్చి ఫ్రేమ్‌ను పెకలించే ప్రయత్నం మాత్రం చేయొద్దు. ప్లాస్టిక్ చిట్లితే మళ్లీ అతకదు.

ఇక కొలతలు. పాత హ్యాండిల్ విప్పకుండా షాపుకు వెళ్లడం దాదాపు వృథా. విప్పి చేతిలో పట్టుకుని వెళ్లాలి. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు దాన్ని స్కేలు పక్కన పెట్టి ముందు, వెనక, పక్క నుంచి మూడు ఫోటోలు తీసుకోవాలి. వెనక వైపు కంపెనీ గుర్తో, నంబరో అచ్చు వేసి ఉంటే అది రాసుకోవాలి.

మొదటి కొలత స్క్రూల మధ్య దూరం. పై స్క్రూ రంధ్రం మధ్య నుంచి కింది రంధ్రం మధ్య వరకు కొలవాలి. ఎస్పాగ్ హ్యాండిళ్లలో ఇది సాధారణంగా 43 మిల్లీమీటర్లు. యూరప్ పద్ధతిలో తయారైన సామాను మన దగ్గర ఎక్కువగా వాడతారు కాబట్టి ఇక్కడి కేస్‌మెంట్ కిటికీలకూ చాలావరకు ఇదే సరిపోతుంది. అయినా కొలవకుండా నమ్మకూడదు.

రెండోది స్పిండిల్ మందం. చదరపు కడ్డీ ఒక వైపు 7 మిల్లీమీటర్లు ఉండడం మామూలు. మూడోది స్పిండిల్ పొడవు. పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే. హ్యాండిల్ అడుగు పలక నుంచి కడ్డీ చివర వరకు ఎంత బయటికి వచ్చిందో కొలవాలి, పిడి లోపల దాగిన భాగాన్ని కలపకూడదు. 25, 30, 35, 40 మిల్లీమీటర్లు ఇలా రకరకాల పొడవుల్లో దొరుకుతాయి. పొడవు తక్కువైతే గేర్‌బాక్స్‌ను కొంచెమే పట్టుకుంటుంది. కొన్నాళ్లు పనిచేసి తర్వాత అంచులు అరిగి జారిపోతుంది. ఎక్కువైతే అడుగు పలక ఫ్రేమ్‌కు ఆనదు, మధ్యలో సందు మిగులుతుంది. ఆ సందు కనిపించకుండా స్క్రూలు బలవంతంగా బిగిస్తే లోపల గేర్‌బాక్స్ దెబ్బతింటుంది. సరైన పొడవు దొరక్కపోతే కొంచెం పొడవైనది తీసుకుని హ్యాక్సా బ్లేడుతో కోసి, అంచు ఆకురాయితో రుద్దుకోవచ్చు. పొట్టిదాన్ని పొడుగు చేసే మార్గం లేదు.

స్క్రూలు కూడా చూసుకోవాలి. చాలా ఎస్పాగ్ హ్యాండిళ్లకు ఎం5 సైజు మర స్క్రూలు వస్తాయి. కొత్త హ్యాండిల్‌తో పాటు వచ్చిన స్క్రూ పాతదానికంటే పొడవుగా ఉంటే పాతదే వాడడం మేలు. పొడవాటి స్క్రూ లోపలికి దిగి కదిలే పట్టీకి అడ్డంపడితే కిటికీ మొత్తం బిగుసుకుపోతుంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్లలో మామూలు ఇనుప స్క్రూలు తుప్పు పట్టి తెల్లటి ఫ్రేమ్ మీద గోధుమ రంగు చారలు కారుస్తాయి. అక్కడ 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు వాడాలి, తీరానికి మరీ దగ్గరైతే 316 ఇంకా మంచిది.

కుడి, ఎడమ తేడా కూడా ఉంది. పిడి నిటారుగా ఉంటే ఏ వైపు కిటికీకైనా పనికొస్తుంది. పిడి ఒక పక్కకు వంగి ఉంటే కుడివైపుది, ఎడమవైపుది వేర్వేరు. కిటికీ ఫోటో చూపిస్తే షాపువాళ్లే చెబుతారు.

కొన్ని కొత్త ఫ్లాట్లలో రెక్క తలుపులా తెరుచుకోవడమే కాకుండా పైభాగం మాత్రం లోపలికి వాలే కిటికీలు ఉంటాయి. వాటిని టిల్ట్ అండ్ టర్న్ అంటారు. హ్యాండిల్ కిందకుంటే మూత, అడ్డంగా ఉంటే పూర్తిగా తెరుచుకుంటుంది, పైకి తిప్పితే వాలుతుంది. దానికి మామూలు కేస్‌మెంట్ హ్యాండిల్ పెట్టకూడదు, ప్రతి స్థానంలో ఆగే ఆ రకమే కొనాలి. బ్రిటన్‌లో ఉంటున్న మన కుటుంబాలకు ఇంకో రకం ఎదురవుతుంది. అక్కడి పాత యూపీవీసీ కిటికీల్లో లోపల గేర్‌బాక్స్ లేకుండా హ్యాండిల్‌కే ముక్కులాంటి భాగం ఉండి, అది ఫ్రేమ్ మీది దిమ్మెను పట్టుకుంటుంది. దాని పేరు కాక్‌స్పర్. దానికి స్పిండిల్ ఉండదు. అడుగు నుంచి ముక్కు కింది అంచు వరకు ఎత్తు కొలవాలి. 9 నుంచి 21 మిల్లీమీటర్ల దాకా ఉంటాయి, ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చినా పట్టదు, లేదా తిరగదు.

మన ఇళ్లలో ఎక్కువగా ఉండేవి మాత్రం స్లైడింగ్ కిటికీలే. బయట గ్రిల్, లోపల దోమల మెష్ కావాలనుకునేవాళ్లకు అవే అనుకూలం. వీటి తాళం వేరు. చిన్న కిటికీలకు టచ్ లాక్ ఉంటుంది. రెక్కను నెట్టి మూస్తే దానంతటదే పడుతుంది, వేలితో నొక్కితే తెరుచుకుంటుంది. పెద్ద కిటికీలకు, బాల్కనీ తలుపులకు లోపల పట్టీ కదిలే రకం ఉంటుంది. దాని హ్యాండిల్ వెనక చదరపు కడ్డీకి బదులు రెండు పళ్లు ఉండవచ్చు. ఈ రకాల్లో కంపెనీకో కొలత. స్క్రూల మధ్య దూరం, ఫ్రేమ్‌లో కోసిన గాడి పొడవు వెడల్పులు, పళ్ల మధ్య దూరం, పళ్ల పొడవు అన్నీ కొలవాలి. గాడికంటే పెద్ద లాక్ కొని ఫ్రేమ్‌ను ఇంకా కోయడం మంచి పని కాదు. లోపలి ఇనుముకు గానీ అద్దం అంచుకు గానీ తగిలే ప్రమాదం ఉంది.

స్లైడింగ్‌లో లాక్ పడకపోతే ముందు అనుమానించాల్సింది చక్రాలను. పట్టాల్లో దుమ్ము పేరుకుని, చక్రాలు అరిగి రెక్క కొంచెం కిందకు దిగుతుంది. లాక్ కొక్కెం ఎదురుగా ఉన్న రంధ్రాన్ని అందుకోలేదు. చాలా రెక్కలకు కింది మూలలో పక్క నుంచి కనిపించే చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పితే చక్రం ఎత్తు మారి రెక్క లేస్తుంది. రంజాన్‌కు ముందు ఇల్లంతా దులిపే రోజుల్లో పట్టాలు కూడా పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చేస్తే సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి.

బిగించేటప్పుడు జాగ్రత్తలు కొన్నే, కానీ ముఖ్యమైనవి. బయటికి తెరుచుకునే రెక్క అయితే హ్యాండిల్ విప్పగానే గాలికి ఒక్కసారిగా తెరుచుకోవచ్చు. పై అంతస్తుల్లో ఇంకొకరు రెక్క పట్టుకుని ఉండాలి, లేదా తాడుతో గట్టిగా కట్టాలి. పిల్లలను ఆ గదిలోకి రానివ్వకూడదు. కిటికీ కింద ఒక గుడ్డ పరిస్తే స్క్రూ జారినా దొరుకుతుంది.

స్క్రూలు కనబడలేదంటే హ్యాండిల్ అడ్డంగా తిప్పి చూడాలి. కొన్నింటికి అడుగున ప్లాస్టిక్ మూత ఉంటుంది, దాన్ని గోటితో కొంచెం లేపి పక్కకు తిప్పితే స్క్రూ తలలు బయటపడతాయి. విప్పేముందు పిడి ఏ దిక్కుకు ఉందో, ఆ సమయంలో కిటికీ లాక్ పడి ఉందో లేదో గుర్తుపెట్టుకోవాలి. చదరపు కడ్డీ నాలుగు రకాలుగానూ రంధ్రంలో కూర్చుంటుంది. తప్పు దిక్కున పెడితే మూసినప్పుడు పిడి అడ్డంగా, తెరిచినప్పుడు నిటారుగా నిలబడుతుంది.

కొత్త హ్యాండిల్ పెట్టి ముందు రెండు స్క్రూలూ వదులుగా ఎక్కించాలి. రెక్క తెరిచి ఉంచే రెండు మూడుసార్లు తిప్పి చూసి, తేలిగ్గా తిరిగితే అప్పుడు కొంచెం కొంచెంగా రెండూ సమానంగా బిగించాలి. చేతి స్క్రూడ్రైవర్ చాలు. కరెంటు డ్రిల్‌తో బిగిస్తే మర తెగిపోతుంది. ప్లాస్టిక్‌లోనే పట్టే స్క్రూ రంధ్రం వదులైతే కొంచెం లావు స్క్రూ పెట్టి చూడొచ్చు. గేర్‌బాక్స్‌లోని మరే తెగిపోయి ఉంటే గేర్‌బాక్స్ మార్చాల్సిందే. దానికి అంచు పలక నుంచి స్పిండిల్ రంధ్రం మధ్య వరకు దూరం కొలవాలి, పట్టీ పొడవు కూడా కావాలి. ఇది ఫిట్టర్‌కు వదిలేయడమే మంచిది.

లోపలి భాగాలకు ఏడాదికి ఒకటి రెండుసార్లు కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు చాలు. ఫ్రేమ్‌ను తుడవడానికి థిన్నర్, అసిటోన్ వాడితే ప్లాస్టిక్ మెరుపు పోయి మరకలు పడతాయి. సబ్బు నీళ్లు సరిపోతాయి.

తాళంచెవి ఉన్న హ్యాండిల్ తీసుకోవాలా అన్నది చాలామంది అడిగే ప్రశ్న. బయట గ్రిల్ లేని కేస్‌మెంట్ కిటికీ, ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే తీసుకోవాలి. మంచం, సోఫా ఎక్కి కిటికీ తిప్పడం రెండు మూడేళ్ల పిల్లలకు పెద్ద పని కాదు. మెష్ దోమలను ఆపడానికే, పిల్లల బరువును ఆపదు. గాలి కోసం కిటికీ తెరిచి ఉంచే ఇళ్లలో తాళం ఒక్కటే సరిపోదు, రెక్క కొన్ని అంగుళాలకు మించి తెరుచుకోకుండా ఆపే రెస్ట్రిక్టర్ కూడా బిగించుకోవాలి. గ్రిల్ ఉన్న కిటికీకి తాళంచెవి హ్యాండిల్ అంత అవసరం లేదు. కింది అంతస్తులో దొంగల భయం ఉంటే అది వేరే సంగతి.

తాళం పెట్టినప్పుడు చెవి కిటికీకే వదిలేస్తే ప్రయోజనం లేదు, అల్మారా అడుగున ఎక్కడో పెట్టి మర్చిపోవడం ఇంకా ప్రమాదం. మంటలు, పొగ వచ్చిన రాత్రి చీకట్లో వెతుక్కునే సమయం ఉండదు. అదే గదిలో, పిల్లలకు అందనంత ఎత్తులో ఒక మేకుకు తగిలించి, ఇంట్లో దాదీ, నానీతో సహా పెద్దవాళ్లందరికీ చూపించాలి. రెండో చెవి బయటి తలుపు దగ్గర ఉంచుకోవచ్చు. ఒకే మోడల్ హ్యాండిళ్లకు చాలాసార్లు ఒకే చెవి సరిపోతుంది కాబట్టి ఇంట్లో అన్ని కిటికీలకూ ఒకే రకం కొంటే చెవుల గుత్తి మోయాల్సిన పని ఉండదు. కొనేటప్పుడు షాపులోనే ఒక హ్యాండిల్ చెవితో రెండోది తిప్పి చూసుకోవాలి.