ఆముదము నుండి టూ టీ ఆయిల్ వరకు: చిన్న ఇంజనుల కందెన కథ

వికారాబాదు, తాండూరు ప్రాంతములోని బంట్వారం వంటి మండలములలో కంది, పత్తి చేలకు మందు కొట్టే కాలము వచ్చినదంటే వీపున తగిలించుకొనే చిన్న ఇంజను పంపుల మోత వినబడుతుంది. వీనిలో చాలా వాటికి ఒక ప్రత్యేకత కలదు. రైతు డబ్బాలో పెట్రోలు పోసి, దానిలో కొలత ప్రకారము కొంచెము ఆయిల్ కలిపి, బాగా కుదిపి, ఆ మిశ్రమమునే ట్యాంకులో పోస్తాడు. ట్రాక్టరులోను, మోటారు కారులోను ఇంధనము వేరు, నూనె వేరు. ఈ చిన్న ఇంజనుకు మాత్రము రెండును ఒకే దారిన ఎందుకు పోవలెను? ఏ నూనె పోయవలెను? ఎంత పోయవలెను? ఈ ప్రశ్నలకు నూరేండ్లకు పైగా సమాధానములు మారుతూ వచ్చినవి. ఆ కథలో తెలంగాణ చెలకలలో పండిన ఆముదమునకు కూడ ఒక స్థానమున్నది.

ఇంజను రాక పూర్వమే కందెన మనకు తెలిసిన వస్తువు. ఎద్దులబండి ఇరుసుకు ఆముదమును, కాల్చిన గడ్డి మసిని కలిపి పెట్టేవారు. కందెన వేయని బండికి కావలసినంత సంగీతము అని సామెత. ఇతర నూనెలు ఉండగా ఆముదమే ఎందుకు? అది చిక్కనిది, లోహమును అంటిపెట్టుకొని ఉంటుంది. ఆముదములోని కొవ్వు ఆమ్లములలో సుమారు నూటికి 85 నుండి 90 పాళ్లు రిసినోలిక్ ఆమ్లము. దీని అణువులో ఇతర వంటనూనెలలో సాధారణముగా కనబడని హైడ్రాక్సిల్ సమూహము ఒకటి కలదు. అణువులు ఒకదానినొకటి పట్టుకొనుటకును, లోహపు ఉపరితలమును పట్టుకొనుటకును ఈ సమూహమే కారణము. నైజాము రాజ్యములో ఆముదము ముఖ్యమైన వాణిజ్య పంట. తరువాతి కాలములోను మహబూబ్‌నగరు, నల్గొండ, రంగారెడ్డి జిల్లాలు దీనికి పేరుపొందినవి. 2016లో వికారాబాదు జిల్లా ఏర్పడువరకు బంట్వారం కూడ రంగారెడ్డి జిల్లాలోనిదే. నేడు ఈ పంటలో గుజరాతు ముందున్నది.

ఇక ఇంజను సంగతి. రెండు ఘాతములలో పని ముగించే ఇంజనును స్కాట్లండు దేశీయుడైన డ్యుగాల్డ్ క్లర్క్ 1878 ప్రాంతమున రూపొందించినాడు. అందులో వాయు మిశ్రమమును లోపలికి నెట్టుటకు వేరే సిలిండరు కావలసివచ్చినది. ఇంగ్లండులోని బాత్ నగరమున జోసెఫ్ డే అను ఇంజనీరు 1891లో దీనిని సులభము చేసినాడు. పిస్టను క్రింద, క్రాంకు తిరిగే పెట్టెనే అతడు పంపుగా వాడుకొన్నాడు. పిస్టను పైకి పోయినప్పుడు పెట్రోలు ఆవిరి కలిసిన గాలి ఈ పెట్టెలోనికి వస్తుంది. క్రిందికి దిగినప్పుడు అది నొక్కబడి, ప్రక్క దారిన సిలిండరులోనికి పోతుంది. అతని వద్ద పనిచేసిన ఫ్రెడరిక్ కాక్ మరుసటి ఏడాది మిగిలిన కవాటమును కూడ తీసివేసినాడు. దారులు మూయుట, తెరచుట పిస్టనే చూచుకొంటుంది. కదిలే ముఖ్య భాగములు మూడే: పిస్టను, కనెక్టింగ్ రాడ్డు, క్రాంకు. చౌక, తేలిక, మరమ్మతు సులభము. వీపున మోయదగిన ఇంజను సాధ్యమైనది ఈ ఉపాయము వలననే.

కాని ప్రతి సౌకర్యమునకు ఒక వెల ఉంటుంది. నాలుగు ఘాతముల ఇంజనులో క్రాంకు పెట్టె అడుగున నూనె నిలువ ఉంటుంది. ఇక్కడ ఆ పెట్టెలో నుండి ఇంధనపు గాలి ఎడతెగక పారుతూ ఉన్నది; నూనె నిలువకు చోటు లేదు. అందుచేత నూనెను ఇంధనముతోనే పంపి, పోతూ పోతూ బేరింగులను, పిస్టనును తడిపేటట్లు చేయవలసివచ్చినది. చివరకు ఆ నూనె కూడ సిలిండరులో కాలిపోవలసినదే.

దీనివలన ఈ నూనె మీద మూడు నిబంధనలు పడినవి. మొదటిది, పెట్రోలులో చక్కగా కలియవలెను. రెండవది, పెట్రోలు ఆవిరియైన వెంటనే తాను విడివడి లోహముమీద నిలువవలెను. మూడవది, పని ముగిసిన తరువాత మసి, బూడిద మిగులకుండ కాలవలెను. మొదటి రెండును ఒకదానికొకటి ఎదురు. బాగా నిలిచే నూనె బాగా కాలదు కనుక రెండవది మూడవదానికి ఎదురు. ఈ రకపు ఇంజను కందెన చరిత్ర అంతయు ఈ మూటి నడుమ రాజీ కుదుర్చుటయే.

మొదట గెలిచినది రెండవ నిబంధన. మొదటి ప్రపంచ యుద్ధకాలపు విమానములలో నోమ్, లె రోన్ అను పేర్లుగల చక్రాకారపు ఇంజనులు ఉండేవి. అవి నాలుగు ఘాతములవే అయినను, ఇంధనపు గాలి క్రాంకు పెట్టెగుండా పోయేది. అక్కడ ఖనిజపు నూనె పోస్తే పెట్రోలు దానిని పలుచన చేసి కడిగివేస్తుంది. ఆముదము పెట్రోలులో సులభముగా కరగదు. కనుక కడుగబడక నిలిచినది. ఇంగ్లండులో చార్లెస్ వేక్‌ఫీల్డు సంస్థ 1909లో తన కొత్త నూనెకు క్యాస్ట్రాల్ అని పేరు పెట్టుటకు కారణము, దానిలో కలిపిన ఆముదమునకు ఆంగ్లమున ఉన్న పేరే. యుద్ధపు అక్కర ఎంత పెరిగినదంటే, 1918లో అమెరికా ప్రభుత్వము భారతదేశమునుండి విత్తనములు తెప్పించి ఫ్లోరిడాలో ఆముదము సాగు చేయించినది.

కాని పెట్రోలులో కలిపి పోసే చిన్న ఇంజనుకు ఇదే గుణము దోషమైనది. చల్లని వేళ ఆముదము ట్యాంకు అడుగున విడివడుతుంది. వేడికి బంకగా మారి పిస్టను రింగులను అంటించివేస్తుంది. అందుచేత మోటారు సైకిళ్లలోను, స్కూటర్లలోను ఖనిజపు నూనెలు వాడుకలోనికి వచ్చినవి. అవి పెట్రోలులో హాయిగా కలుస్తవి, కాని అంత గట్టిగా నిలువవు. ఆ లోటును తీర్చుటకు ఎక్కువ పోసేవారు. తొలినాటి ఇంజనులలో 16 పాళ్ల పెట్రోలునకు ఒక పాలు నూనె పోయుట కూడ ఉండేది. నూనెలు, బేరింగులు మెరుగైన కొలది ఆ పాలు 25కు ఒకటి, 50కి ఒకటి వరకు తగ్గినది. అనగా లీటరునకు 40 మిల్లీలీటర్లు పోసేచోట 20 చాలినది.

మన పల్లెలకు ఈ ఇంజను మోపెడ్ రూపమున వచ్చినది. 1972లో పుణెనుండి లూనా, 1980లో హోసూరునుండి టీవీఎస్ 50 బయలుదేరినవి. హైదరాబాదు ఆల్విన్ సంస్థ పుష్పక్ స్కూటర్లను తయారు చేసినది. పాలడబ్బాలు, గడ్డిమోపులు, కూరగాయల బస్తాలు మోపెడ్ల మీద సంతకు చేరినవి. పెట్రోలు బంకులో కొలపాత్రతో ఆయిల్ పోయించుకొనుట అందరికి అలవాటైనది.

ఆ కాలముననే ఒక అపోహ కూడ పాతుకొన్నది: నూనె ఎంత ఎక్కువైతే ఇంజనుకు అంత మేలని. ఇది సరికాదు. కార్బురేటరులోని సన్నని రంధ్రముగుండా పోయేది మిశ్రమము. అందులో నూనె పెరిగితే పెట్రోలు పాలు తగ్గుతుంది. ద్రవము చిక్కనై మెల్లగా పారుతుంది. గాలికి తగిన పెట్రోలు అందక ఇంజను మరింత వేడెక్కుతుంది. పైగా ప్లగ్గు మసిబారుతుంది, పొగగొట్టము పూడుకొంటుంది. నూనె తగ్గితే పిస్టను సిలిండరులో పట్టివేస్తుంది. మెకానిక్కులు ‘సీజయింది’ అనేది దీనినే. ట్రాక్టరు ఆయిల్ పోయుట మరొక పొరపాటు. దానిలో శుభ్రత కొరకు కలిపిన కాల్షియము, అరుగుదల తగ్గించుటకు కలిపిన జింకు సమ్మేళనములు కాలి బూడిదగా మిగులుతవి. నిలువ ఉండే నూనెకు అవి గుణము. కాలిపోయే నూనెకు దోషము.

మూడవ నిబంధనకు బలము వచ్చినది నగరముల పొగవలన. ఈ ఇంజనులో కొత్త గాలి లోపలికి వచ్చేవేళ పొగ దారి కూడ తెరచి ఉంటుంది. కనుక కాలని పెట్రోలు, నూనె కొంత బయటికి పోక తప్పదు. సుప్రీం కోర్టు 1998లో ఇచ్చిన ఆజ్ఞ ప్రకారము ఢిల్లీ బంకులలో విడి ఆయిల్ అమ్మకమును ఆపి, ముందుగా కలిపిన పెట్రోలు ఇచ్చే ఏర్పాటు చేసినారు. 1999 నుండి తక్కువ పొగ ఇచ్చే నూనె వాడవలెనను నిబంధన వచ్చినది. జపాను ప్రమాణమగు జాసో ఎఫ్‌సీ ఈ కోవకు చెందినదే. ఇట్టి నూనెలలో బరువైన ఖనిజపు నూనెకు బదులు పాలీఐసోబ్యూటిలీన్ అను పదార్థమును కొంత కలుపుతారు. వేడికి దాని పెద్ద అణువులు చిన్నవిగా విడిపోయి, మసి మిగులక కాలుతవి. అయినను మోపెడ్ విషయమున చివరి మాట నాలుగు ఘాతములదే అయినది. 2015లో వచ్చిన ఎక్స్‌ఎల్ 100 అట్టిదే. పాత ఇంజను నేడు పంపులలోను, గడ్డికోత యంత్రములలోను మిగిలినది.

ఇప్పుడు మారినది పెట్రోలు. 2023 నుండి మన దేశమున నూటికి 20 పాళ్ల ఇథనాలు కలిపిన పెట్రోలు బంకులకు వచ్చినది. ఇథనాలునకు నీటిపై మక్కువ ఎక్కువ. వానకాలమున సగము నిండిన డబ్బాలో నీరు చేరితే, కొంత హద్దు దాటిన పిమ్మట ఇథనాలు, నీరు కలిసి అడుగున వేరు పొరగా దిగుతవి. టూ టీ ఆయిల్ పై పొరలోని పెట్రోలుతో ఉండిపోతుంది. ఇంజను పీల్చుకొనేది అడుగునుండి. అనగా కందెన లేని ద్రవమును. సరియైన కొలతతో కలిపిన రైతు పంపు కూడ ఇట్లు పట్టివేయవచ్చును. అందుచేత ఆ పూటకు కావలసినంతే కలుపవలెను. మూత గట్టిగా బిగింపవలెను. పని ముగిసిన తరువాత ట్యాంకు ఖాళీ చేసి ఉంచవలెను. నూనె జాసో ఎఫ్‌సీ లేక ఎఫ్‌డీ గుర్తుగలదై, కొలత యంత్రముతో వచ్చిన పుస్తకములో చెప్పినదై ఉండవలెను. కిరోసిను కలిపిన పెట్రోలు సరిగా కాలక ఇంజనును కొట్టుకొనేటట్లు చేస్తుంది, దానిని ముట్టరాదు.

ఈ కథలోని రసాయన రహస్యమును పాఠశాల ప్రయోగశాలలోనే చూపవచ్చును. నిప్పు దరిదాపుల లేని చోట నాలుగు పరీక్షనాళికలు తీసుకొని, రెండింటిలో కొంచెము ఆముదము, రెండింటిలో కొంచెము వేరుశెనగ నూనె పోయవలెను. ఒక్కొక్క నూనెను ఒకదానిలో కిరోసినుతోను, మరొకదానిలో నాలుగైదింతల రెక్టిఫైడ్ స్పిరిటుతోను కుదుపవలెను. వేరుశెనగ నూనె కిరోసినులో కలిసిపోతుంది, స్పిరిటులో విడిగా నిలుస్తుంది. ఆముదము స్పిరిటులో కలిసిపోతుంది, కిరోసినులో సరిగా కలియదు. మిథనాలుతో నడిచే బొమ్మ విమానముల ఇంజనులలో ఆముదము ఇప్పటికిని వాడుకలో ఉండుటకు కారణము ఇదే. ఏ నూనె మంచిదను ప్రశ్నకు ఒంటరిగా జవాబు లేదు. అది ఏ ఇంధనముతో కలియవలెనో, ఏ ఇంజనులో కాలవలెనో తెలిసినప్పుడే జవాబు దొరుకుతుంది.