ప్రామంటరీకి రెండు రోజులు ఆలస్యం

1869 మే నెల. అమెరికాలో యూటా ఎడారి పీఠభూమి. సముద్రమట్టానికి సుమారు 4,900 అడుగుల ఎత్తున ప్రామంటరీ సమ్మిట్. ఎటు చూసినా బూడిదరంగు సేజ్ పొదలు. దక్షిణాన మహాసరస్సు ఉంది, అదీ ఉప్పుమయం. తాగే నీళ్లు రైల్లో రావాల్సిందే. వరసగా గుడారాలు, వాటిల్లో సారా, జూదం.

తూర్పు నుంచి, పడమర నుంచి వేసుకొచ్చిన రైలు పట్టాలు కలిసే ముహూర్తం 8వ తేదీ. సెంట్రల్ పసిఫిక్ రైల్వే కంపెనీ అధ్యక్షుడు స్టాన్‌ఫర్డ్, చివర్లో కొట్టాల్సిన బంగారు మేకుతో ముందే దిగాడు. యూనియన్ పసిఫిక్ ఉపాధ్యక్షుడు డ్యూరాంట్ జాడ లేదు.

వయోమింగ్‌లోని పీడ్‌మాంట్ దగ్గర కూలీలు ఆయన బోగీని పక్క లైన్లోకి తోసి గొలుసులతో కట్టేశారు. నెలల తరబడి జీతాలు బాకీ! డబ్బు తెప్పించాకే వదిలారు. ఇదంతా డ్యూరాంటే ఆడించిన నాటకమని అనుమానించినవాళ్లూ ఉన్నారు. ఆయన దొంగలెక్కల సంగతి తెలిసినవాళ్లెవరూ ఆ మాటను కొట్టిపారేయరు.

అవతలి కంపెనీ సెంట్రల్ పసిఫిక్ కూలీల కథ వేరు. 1867 జూన్‌లో సియెర్రా నెవాడా కొండల్లో వేలమంది చైనీయులు పని ఆపారు. నెలకు 40 డాలర్లివ్వాలి, పని గంటలు తగ్గించాలి. గొలుసుల్లేవు, గొడవ లేదు. పనులు చూసే క్రాకర్ వాళ్లకు తిండి సరఫరా ఆపించాడు. వారం తిరిగేసరికి మళ్లీ సమ్మెటలు పట్టారు.

మే 10 మధ్యాహ్నం. స్టాన్‌ఫర్డ్ సమ్మెట ఎత్తాడు. దెబ్బ మేకుకు తగల్లేదంటారు. అయినా ‘పూర్తయింది’ అన్న కబురు తీగల మీద దేశమంతా పాకింది. ఎదురెదురుగా నిలిచిన ఇంజిన్ల మీద సీసాలు అందించుకుంటున్న జనాన్ని ఫొటోగ్రాఫర్ రసెల్ ఫొటో తీశాడు. అందులో చైనీయులు దాదాపు కనబడరు.

ఏడాదైనా తిరక్కముందే జంక్షన్ ఆగ్డెన్‌కు తరలింది. గట్టెక్కే బండ్లకు అదనపు ఇంజిన్ తగిలించే పని మాత్రం ప్రామంటరీకి మిగిలింది. 1904లో సరస్సు మీదుగా అడ్డదారి వేశాక అదీ పోయింది. 1942లో యుద్ధానికి ఇనుము కావాలని పట్టాలే పీకేశారు. చివరి మేకు పీకడానికీ ఓ ఉత్సవం!

1969 శతజయంతి సభలో రవాణా మంత్రి జాన్ వోల్పీ, మంచుకొండల్లో సొరంగాలు తొలవడం అమెరికన్లకు తప్ప ఎవరికి సాధ్యమన్నట్టు మాట్లాడాడు. ఆ సొరంగాలు తొలిచినప్పుడు చైనీయులకు అమెరికా పౌరులయ్యే హక్కే లేదు. 2019లో 150వ ఏటి సభకు అదే రవాణా మంత్రి హోదాలో వచ్చిన ఎలేన్ చావో తైవాన్‌లో పుట్టిన మనిషి. ఎదుట ఆ కూలీల వారసులు కూర్చున్నారు. చైనీయుల శ్రమను ఆమె వేదిక మీద పేరుపెట్టి చెప్పింది.