మసియు బంకయు: తమిళదేశమునందలి తెలుగు వ్రాతప్రతుల సిరా

తాటియాకుపై గంటముతో వ్రాయువానికి సిరాతో పని లేదు. అతడు ఆకును గీయును. పిదప దీపపు మసిని నూనెతో గాని ఆకు పసరుతో గాని కలిపి గీతలపై రుద్ది, మిగిలినదానిని తుడిచివేయును. గీతలో చిక్కిన నలుపే అక్షరము. కాగితముపై వ్రాయువాని సంగతి వేరు. మొదటి పంక్తికి వచ్చిన నలుపే పుట చివరి పంక్తికిని రావలెను. అనగా మసి నీటియందు సమముగా వ్యాపించి, అడుగునకు దిగక నిలిచియుండవలెను. ఈ సమస్యను మన పూర్వులు పరిష్కరించిన తీరు వారి గ్రంథముల చరిత్రలో ఒక భాగమే.

తంజావూరు నాయకరాజుల కొలువున తెలుగు రాజభాషవలె వెలసెను. ఆ వంశపు పాలన 1673లో ముగిసినను తెలుగు వ్రాత ఆగలేదు. మరాఠా ప్రభువగు శాహజీ (1684–1712) తెలుగున యక్షగానములు రచించెను. శరభోజి (1798–1832) పెంపొందించిన సరస్వతీ మహలులో తాళపత్రములతోపాటు కాగితపు తెలుగు ప్రతులును కలవు. పట్టికలలో కవి పేరుండును, ప్రభువు పేరుండును, గద్యలో ఒక్కొక్కచోట వ్రాయసగాని పేరును ఉండును. సిరా నూరినవాని పేరు ఎచ్చటను కానరాదు.

కన్నడమున ‘మసి’ యనగా సిరాయే. తమిళమున ‘మై’ కాటుకకును సిరాకును ఒక్కటే పేరు. ఒరియావారి ‘కాళి’ నలుపే. సిరా యనిన అందరికి తోచినది నలుపు. బంకను పేరులోనికి తెచ్చినవారు లేరు. కాని పని చేయునది బంకయే.

నూనె దీపముపై బోర్లించిన మూకుటికి పట్టు మసి మిక్కిలి సన్నని పొడి. దాని విడి రేణువు మిల్లీమీటరులో పదివేలవ వంతు ప్రాంతమున ఉండును. అంత చిన్నది నీటిలో తేలియాడుట కష్టము కాదు; నీటి యణువుల తాకిడియే దానిని కదలించుచుండును. చిక్కు మరియొకటి. మసికి నీరు గిట్టదు. రేణువులు ఒకదానినొకటి ఆకర్షించుకొని అంటుకొనును, గుంపులగును, ఆ గుంపులు బరువెక్కి దిగిపోవును. ఉత్త మసిని నీటిలో వేసి చూచినచో కొంత పైన తెట్టెకట్టును, కొంత అడుగున చేరును. తరగతిలో పిల్లలకు చూపదగిన ప్రయోగమిది. రెండు గాజు గ్లాసులును చిటికెడు తుమ్మబంకయు చాలును.

బంక కలిపినప్పుడు దాని పొడవైన యణువులలో కొన్ని భాగములు మసి ఉపరితలమునకు అంటుకొనును. నీటిని కోరు చక్కెర గొలుసులు వెలుపలికి చాచుకొని యుండును. ప్రతి రేణువును ఒక మెత్తని తొడుగు ధరించినట్లగును. రెండు రేణువులు దరిచేరగనే ఆ తొడుగులు ఒండొంటిని త్రోసివేయును. అంటుకొనుటకు ఎడమే చిక్కదు. అందువలననే బంకనీటితో మసిని ముందు చిక్కని ముద్దగా చేసి, చాలసేపు నూరి, పిదపనే నీరు పోయుట మేలు. నూరుటచే గుంపులు విడిపోవును. విడినంతనే కొత్త ముఖములకు బంక పట్టును. తొందరపడి ముందే నీరు పోసినచో నూరుట బలము తగ్గి, ఉండలు ఉండలుగనే మిగులును.

ఈ రక్షణను కొలుచుటకు జిగ్మాండీ యను రసాయన శాస్త్రజ్ఞుడు 1901లో ‘బంగారు సంఖ్య’ను ఏర్పరచెను. 10 ఘన సెంటీమీటర్ల ఎర్రని బంగారు ద్రవమున 10 శాతము ఉప్పునీరు 1 ఘన సెంటీమీటరు పోసినచో రేణువులు గుమికూడి రంగు ఊదాకు తిరుగును. అట్లు తిరుగకుండ కాపాడు పదార్థము ఎన్ని మిల్లీగ్రాములు వలయునో అదియే ఆ సంఖ్య. తక్కువ సంఖ్య ఎక్కువ రక్షణకు గుర్తు. తుమ్మజాతి బంకకు అది సుమారు 0.15 నుండి 0.25, బంగాళాదుంప పిండికి సుమారు 25. బంగారము వేరు, మసి వేరు; అయినను గంజిని విడిచి బంకను పట్టిన వ్రాయసగాండ్ర వివేకమునకు ఈ అంకెలు అనుకూలములే. జిగ్మాండీకి 1925వ సంవత్సరపు నోబెల్ బహుమానము లభించెను.

తంజావూరు చిత్రములు వ్రాసిన తెలుగు రాజుల కుటుంబములవారును రంగులను బంకతోనే నూరిరి. అచ్చట ఒక హద్దు కనబడును. ఇంగిలీకము నీటికంటె 8 రెట్లు బరువు. తొడుగు రేణువులను అంటుకొననీయదు గాని ముతక రేణువు బరువును తగ్గింపలేదు. అట్టి రంగును మాటిమాటికి కలియబెట్టక తప్పదు.

బంక చేసిన మేలులోనే ఒక అపాయమును కలదు. ఎండిన పిదపకూడ అది నీటిలో కరగును. అన్నభేదియు కరక్కాయయు కలిపిన సిరా కాగితములోనికి ఇంకి, ఆమ్లగుణముచే కాలక్రమమున దానిని తినివేయును. మసి సిరా కాగితమును తినదు, వెలుతురునకు వెలిసిపోదు. కాని తడిగుడ్డ తగిలినచో మరల ద్రవమై చెదరును. ఇండ్లలో తాతలనాటి కట్టలు దాచుకొన్న తెలుగు కుటుంబములు దీనిని ముఖ్యముగా ఎరుగవలెను. తాళపత్రమున నలుపు రాలినను గీత మిగిలియుండును. మరల మసి రుద్దిన అక్షరము కనబడును. కాగితముపై అక్షరమునకు గీత లేదు. దుమ్మును పొడి మెత్తని కుంచెతోనే తీయవలెను. యానాము వంటి తేమగాలి చోట్ల బంక మెత్తబడి పుటలు అతుకుకొనుటయు కలదు. అట్టి పుటలను బలవంతముగా విడదీయక, ప్రతుల సంరక్షణ తెలిసినవారికి కట్టతో సహా చూపవలెను.