పుస్తకాల అంగడి నుండి యుద్ధమంత్రి పదవికి: హెన్రీ నాక్సు

పుస్తకములోని విద్యయు, పరుల చేతిలోని ధనమును పని పడినపుడు అక్కరకు రావని నీతిశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఈ రెండు మాటలలో మొదటిదానిని వమ్ము చేసి, రెండవదానికి తానే నిదర్శనమైన పురుషు డొకడు అమెరికా దేశ చరిత్రమునందు గలడు. అతడే హెన్రీ నాక్సు. ఆ దేశపు స్వాతంత్ర్య సంగ్రామమున ఫిరంగి దళమునకు అధిపతి. తరువాత వాషింగ్టను ప్రభుత్వమున ప్రథమ యుద్ధమంత్రి. అతని పేర ఒక నగరమును, రెండు కోటలును, తొమ్మిది రాష్ట్రములలో తొమ్మిది కౌంటీలును వెలసినవి. కౌంటీ యనగా మన జిల్లా వంటి పరిపాలనా విభాగము.

నాక్సు 1750వ సంవత్సరము జూలై 25వ తేదీన బోస్టను నగరమున జన్మించెను. తండ్రి ఓడల వృత్తిలో చితికిపోయి, కుటుంబమును విడిచి పశ్చిమ ఇండియా దీవులకు పోయి, 1762లో అచటనే మరణించెను. ఇంట జరుగుబాటు లేకపోవుటచే బాలుడు తొమ్మిదవ యేటనే బడి మాని యొక పుస్తకాల అంగడిలో పనికి కుదిరెను. యజమాని దయాళువు, అంగడిలోని గ్రంథములను చదువుకొననిచ్చెను. బడి మూసిన తలుపు ఇట్లు అంగడిలో తెరచుకొన్నది. బాలుడు ప్రాచీనుల చరిత్రములు చదివెను. ఫ్రెంచి భాషను స్వయముగా నేర్చెను. గణితమునందును, కోటల నిర్మాణమునందును, ఫిరంగుల ప్రయోగమునందును ఆసక్తి పెంచుకొనెను. 1771లో, ఇరువది యొక్కటవ యేట, సొంతముగా పుస్తకాల అంగడి తెరచెను. అచటికి వచ్చు ఆంగ్ల సైనికాధికారులతో యుద్ధశాస్త్రమును గూర్చి సంభాషించి, గ్రంథములలో చదివిన దానిని సరిచూచుకొనుచుండెను.

1774లో అతడు లూసీ ఫ్లకరు అను కన్యను వివాహమాడెను. ఆమె తండ్రి రాజప్రభుత్వమున పెద్ద ఉద్యోగి. మరుసటి యేడు యుద్ధ మారంభమైనంతనే దంపతులు బోస్టను విడిచి వెడలిపోయిరి. అంగడి దోపిడీ పాలయ్యెను. లూసీ పుట్టింటివారు ఇంగ్లండు చేరిరి. ఆమె మరల తల్లిదండ్రుల ముఖము చూడలేదు. దేశస్వాతంత్ర్యమునకు ఆ యిల్లాలు చెల్లించిన మూల్య మది.

అపుడు వాషింగ్టను సేనలు బోస్టనును చుట్టుముట్టి యుండెను గాని, ఆంగ్లేయులను కదలించుటకు చాలినన్ని పెద్ద ఫిరంగులు లేకుండెను. అమెరికనుల వశమైన టికాండరోగా కోటలోని ఫిరంగులను తెచ్చుటకు నాక్సు పూనుకొనెను. దూరము సుమారు 300 మైళ్ళు, కాలము నడిశీతకాలము, వయస్సు ఇరువదియైదు. ఏ సైనిక విద్యాలయమునందును చదివినవాడు కాడు. 59 ఫిరంగులను, సుమారు 60 టన్నుల బరువును, పడవలపైని సరస్సు దాటించి, చక్రములు లేని జారుడు బండ్లపై కెక్కించి, ఎడ్లచే లాగించెను. హడ్సను నదిపై మంచు విరిగి ఫిరంగి మునిగిన, దానిని మరల పైకి తీయించెను. మంచు చాలని చోట బండి కదలలేదు. కొండ దిగుచోట బండి నిలువలేదు. అయినను 1776 జనవరి మాసాంతమునకు అవి బోస్టను చెంతకు చేరెను. మార్చి 4వ తేదీ రాత్రి డార్చెస్టరు మెట్టపై ఫిరంగులు నిలిచెను. 17వ తేదీన ఆంగ్లసేన ఓడలెక్కి నగరమును వీడెను. పుస్తకములోని విద్య పని పడినపుడు అక్కరకు వచ్చెను.

ఆ సంవత్సరము డిసెంబరు 25వ తేదీ రాత్రి సేనలు డెలావేరు నదిని దాటునపుడు, గాలివానను మించిన అతని కంఠధ్వనియే దారి చూపెనందురు. 1778–79 శీతకాలమున ప్లకెమిను అనుచోట ఫిరంగి దళాధికారులకు పాఠశాల నడపెను. తాను గురువు లేక నేర్చినవాడగుటచే, పరులకు గురువు కావలెనని యెరిగెను. సైనిక విద్యాలయము దేశమునకు అవసరమని 1776 నుండియే అతడు చెప్పుచు వచ్చెను; 1802లో వెస్టుపాయింటున అది నెలకొన్నది.

1789 నుండి 1794 చివరి వరకు అతడు యుద్ధమంత్రిగా నుండెను. ఆదివాసులు భూమికి మొదటి అనుభవదారులు గాన, వారి సమ్మతి లేనిదే, లేదా న్యాయమైన యుద్ధమున గెలిచిననే తప్ప, ఆ భూమిని గైకొనరాదని 1789లో వాషింగ్టనునకు నివేదించెను. మాట మంచిదే. కాని భూమి కాశపడిన వలసదారులను ప్రభుత్వ మాపజాలకుండెను. అతని కాలముననే ఆదివాసులతో ఘోరయుద్ధములు జరిగెను. 1791లో చెరొకీ జాతితో ఒడంబడిక కుదిరిన చోటనే గవర్నరు విలియము బ్లౌంటు ఒక పట్టణము నెలకొల్పి, నాక్సువిల్లు అని పేరిడెను. మన భాషలో చెప్పవలెనన్న నాక్సుపురము. 1796లో టెన్నెసీ రాష్ట్రమునకు అది తొలి రాజధాని. 1838లో చెరొకీలు తమ నేలనుండి పడమటికి వెడలగొట్టబడిరి. పురము నిలిచెను, మాట నిలువలేదు.

పదవి వీడిన పిమ్మట నాక్సు మెయిన్ ప్రాంతమున థామస్టనులో గొప్ప భవనము కట్టించెను. కలప, సున్నము, ఇటుకలు, ఓడలు, భూముల క్రయవిక్రయములు—అన్నిటను చేయి పెట్టెను. ఆదాయము ఊహలో నుండెను. అప్పు పద్దులో నుండెను. 1806 అక్టోబరు 25న, గొంతులో కోడియెముక చిక్కి, అది విషమించి, అతడు మరణించునాటికి ఆస్తి అప్పుల తీర్మానమునకు చాలకుండెను. ఆ భవనమును 1871లో పడగొట్టిరి.

ఇక నొక విచిత్రము చూడుడు. అప్పులతో కన్నుమూసిన యీ పురుషుని పేరనే కెంటకీ రాష్ట్రమున ఫోర్టు నాక్సు వెలసినది. 1936లో అచట బంగారపు ఖజానా నిర్మించిరి. 4,500 టన్నులకు మించిన బంగారము అందు భద్రపరచబడినది. లోకమున నాక్సు అనగానే పలువురకు స్ఫురించునది ఆ బంగారమే.

కాని ఆ కోట మరియొక ధనమును గూడ కాచినది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1941 డిసెంబరు నుండి 1944 వరకు, కాంగ్రెసు గ్రంథాలయము వారు స్వాతంత్ర్య ప్రకటన మూలప్రతిని, రాజ్యాంగ మూలప్రతిని, గుటెన్‌బర్గు ముద్రించిన బైబిలును అచటనే దాచిరి. పుస్తకముల నమ్ముకొని జీవనమారంభించినవాని పేరుగల కోట, ఆపత్కాలమున పుస్తకమునకు రక్షయైనది. అతని పేరునకు ఇంతకంటె తగిన స్మారకము లేదు.

రజతోత్సవము జరుపుకొను గ్రంథాలయమునకు ఈ చరిత్రము చెప్పున దొక్కటే. అద్దాల బీరువాలో నున్న పుస్తకము ధనము కాదు. చదువరి చేతి కెక్కినపుడే అది విద్య యగును. బడి మానిన తొమ్మిదేండ్ల బాలు డెవడైన ఈ గుమ్మము తొక్కినచో, యజమాని యొకడు నాక్సునకు చేసిన మేలును వానికి చేయుట గ్రామస్థుల ధర్మము.