తోడేలు మనుషుల క్రీడలో నగరం: హయత్‌నగర్ నేపథ్యంగా ఒక పరిశీలన

బల్ల చుట్టూ కూర్చుని, పాచికల సాయంతో, నలుగురైదుగురు మాటలతోనే కథ నడిపే పాత్రధారణ క్రీడకు 1974లో అమెరికాలో వెలువడిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆద్యం. అందులోని సాహసాలకు నేలమాళిగలే ప్రధాన రంగస్థలం. 1991లో వైట్ వుల్ఫ్ సంస్థ 'వాంపైర్: ది మాస్కరేడ్' ద్వారా కథను సమకాలిక నగరానికి తెచ్చింది. మరుసటి ఏడాది అదే సంస్థ ప్రచురించిన 'వేర్‌వుల్ఫ్: ది అపోకలిప్స్'లో నగరం మళ్లీ అనుమానాస్పదమైంది.

ఈ క్రీడలో పాత్రధారులు భూమాతను రక్షించే తోడేలు మనుషులు. వారి పదమూడు తెగలలో నగరజీవనానికి అలవాటుపడినవి ప్రధానంగా రెండే: బోన్ నాయర్స్, గ్లాస్ వాకర్స్. భౌతికలోకానికీ ఆత్మలోకానికీ నడుమ ఉండే తెర నగరంలో దట్టంగా ఉంటుంది; దాన్ని దాటడం కష్టం. అంటే కథానిర్వాహకుడు కథను నగరంలో పెట్టిన క్షణమే తన పాత్రధారుల బలాన్ని కొంత తగ్గించినట్లు. 2005లో వచ్చిన 'వేర్‌వుల్ఫ్: ది ఫర్‌సేకెన్' ఈ దృష్టిని మార్చింది. అందులో ప్రతి గుంపుకూ కాపాడుకోవలసిన సొంత హద్దు ఉంటుంది. అది అడవే కానక్కరలేదు, నాలుగు వీధులైనా చాలు.

అడవి నిర్మలం, నగరం మలినం అన్న తొలి క్రీడలోని విభజన హయత్‌నగర్‌లో నిలవదు. మహమ్మద్ కులీ కుతుబ్ షా కుమార్తె హయాత్ బక్షీ బేగం పేరు మీద వెలసిన ఈ ఊరు గోల్కొండ నుండి మచిలీపట్నం వెళ్లే దారిలోని మజిలీ. మసీదు, దాని చుట్టూ ఉన్న సరాయి గదులు ఆ బాటసారుల కాలానికి సాక్ష్యం. సమీపంలోని మహావీర్ హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం వేటస్థలం. మహావీరుని 2500వ నిర్వాణ సందర్భంగా 1975లో జింకల వనమై, 1994లో జాతీయోద్యానమైంది. కృష్ణజింకలు నేటికీ అక్కడ కంచె లోపల మేస్తుంటే, పక్కనే విజయవాడ రహదారిపై బస్సులు పరుగెడుతుంటాయి. ఈ అడవిని మొదట నిలబెట్టింది వేటగాడైన పాలకుడే కాబట్టి, దీన్ని నగరాధికారానికి వెలుపలి స్థలమనడం చరిత్రకు విరుద్ధం. ఇక్కడ తోడేళ్ల పుణ్యస్థలాన్ని కల్పించే నిర్వాహకుడు ఆ కంచె ఎవరిదో ముందుగా తేల్చుకోవాలి.

మరొక భేదం గమనించదగినది. 'అపోకలిప్స్'లో తోడేలుతనం పుట్టుకతో వస్తుంది, కాటుతో కాదు. తెలుగు పాఠకునికి పరిచితమైన రూపాంతరం మాత్రం శాపఫలం. నన్నయ ఆదిపర్వంలోని కల్మాషపాదుడు ఇందుకు చక్కని ఉదాహరణ. ఇరుకుదారిలో ఎవరు తప్పుకోవాలన్న తగవులో ఆ రాజు వసిష్ఠుని కుమారుడైన శక్తిని కొరడాతో కొట్టాడు. నరభక్షకుడవు కమ్మని శక్తి శపించాడు. రాక్షసత్వం పొందిన రాజు ముందుగా శక్తినే భక్షించాడు. చివరకు వసిష్ఠుడే అతన్ని విముక్తుణ్ణి చేశాడు. కొడుకును పోగొట్టుకున్న తండ్రి చేతిలో విమోచనం ఉండడం పాశ్చాత్య నియమావళికి అందని కథాసూత్రం. పైగా దీనికి అడవితో పనిలేదు. దారి విషయంలో పుట్టిన తగవు కనుక, హయత్‌నగర్ రహదారిపై ఏ సాయంత్రమైనా మొదలు కాగలదు.