ఉన్నిజిడ్డు

మోచేతుల మడతలను, మోకాళ్ల వెనుక చర్మమును రాత్రియంతయు నిద్రలేక గోకికొను పసిబిడ్డకు, ఆ వ్యాధి ఎటోపిక్ డెర్మటైటిస్ అని తేలినపుడు, వైద్యుడు నేడు మొట్టమొదట విధించునది చర్మమును ఎండిపోనీయని స్నిగ్ధలేపనము. అట్టి లేపనములకు ఆధారమైన ద్రవ్యములలో విచిత్రమైన చరిత్ర గలది గొఱ్ఱె ఉన్నికి అంటియుండు జిడ్డు.

క్రీస్తుశకము మొదటి శతాబ్దమున డయాస్కొరిడీస్ అను గ్రీకు వైద్యుడు దీని తయారీని తన ఓషధిగ్రంథమున సవిస్తరముగ వర్ణించెను. కడుగని ఉన్నిని వేడినీట పిండి, ఆ మురికినీటిని వెడల్పుమూతి పాత్రలో పోసి, గరిటెతో ఎత్తి పైనుండి ధారగా మరల మరల పోయుచు నురుగు కట్టించి, సముద్రజలమును చిలుకరించి, తేలిన జిడ్డును తీసి, నురుగు పుట్టుట ఆగువరకు ఇట్లే చేయవలెనట. అట్టికా దేశపు జిడ్డు శ్రేష్ఠమని రోమను రచయిత ప్లినీ మెచ్చెను. రోమను స్త్రీలు ముఖమునకు పూసికొను ఆ జిడ్డు కంపును కవి ఓవిడ్ ఈసడించెను.

ఆ కంపును పోగొట్టి, 1882లో జర్మనీయులైన లీబ్రైఖ్, బ్రౌన్ అనువారు దానిని శుద్ధి చేసిరి, అదియే లానొలిన్. 1872లో అమెరికాలో ఛీజ్‌బ్రో పేటెంటు పొందిన వాసెలిన్ అను పెట్రోలియం జెల్లీ చర్మమునందలి నీటిని బయటికి పోనీయకుండుటలో మిక్కిలి సమర్థమే యైనను, నీటిని తనలో కలుపుకొనజాలదు. లానొలిన్‌కు ఆ శక్తి గలదు. ఆ శక్తికి మూలమైన భాగమును లిఫ్‌షుట్స్ అను రసాయనశాస్త్రజ్ఞుడు ఉన్నిజిడ్డునుండి వేరుపరుపగా, ఉన్నా అను చర్మవైద్యుని మూలమున దానినెరిగిన ట్రోప్లోవిట్స్ అను ఔషధకారుడు 1911లో హాంబర్గు నగరమున నివియా క్రీమును వెలువరించెను. అది సౌందర్యలేపనమని జగమెరుగును గాని, దాని పుట్టుకలో ఒక చర్మవైద్యుని చేయి గలదని ఎరిగినవారు అరుదు.

వ్యాధికి నేటి పేరు 1933లో న్యూయార్కు వైద్యులైన వైజ్, సుల్జ్‌బర్గర్‌ల వలన కలిగెను. చర్మమును దృఢముగ కూర్చి, విచ్ఛిన్నమైన పిమ్మట తేమను నిలుపు ఫిలాగ్రిన్ అను ప్రోటీను జన్యులోపము వలన కొరవడుట ఈ వ్యాధికి ఒక ముఖ్యకారణమని 2006లో స్కాట్లండునందలి డండీ పరిశోధకులు నిరూపించిరి. కావున లేపనము చర్మమునకు ఆహారము గాదు; తెగిన చెరువుగట్టుకు వేయు తాత్కాలికమైన అడ్డు. స్నానానంతరము తడి ఆరకముందే పూయుమనుటయు అందుకే. బిడ్డ చర్మము పగులుటకు తల్లి అశ్రద్ధయే కారణమని నిందించు పెద్దలు ఈ సంగతి తప్పక ఎరుగవలెను. ఏలయన, పుట్టినది మొదలు ఏడాదిపాటు నిత్యము లేపనము పూసినను వ్యాధి రాకుండ ఆగలేదని, 1,300 మందికి పైగా శిశువులతో బ్రిటనునందు జరిగిన పరీక్ష 2020లో తేల్చినది. వచ్చిన పొడిబారుటను, దురదను తగ్గించుట వేరు, రాకుండ ఆపుట వేరు.

లానొలిన్ కొందరికి సరిపడదు. 2023లో అమెరికా చర్మవైద్యుల సంఘమొకటి దానిని ఆ సంవత్సరపు ముఖ్య అలెర్జీకారకముగ ప్రకటించెను. అట్టి బిడ్డలకు నేడు వైద్యులు ఉన్నిజిడ్డు మాని, సుగంధములు కలుపని పెట్రోలియం జెల్లీని వ్రాయుచున్నారు.