తెర వెనక మంట

తోలుబొమ్మలాటలో ఆముదం దీపాలు తెర వెనకే వెలిగేవి. వాటికీ తెల్లటి తెరకూ నడుమ బొమ్మలు ఆడేవి. నూనె ఎంత మిగిలిందో, వత్తి ఎప్పుడు ఎగదొయ్యాలో ఆడించేవాళ్ళకు ఆట నడుస్తుండగానే తెలిసేది. వేదికలకు వెలుగు అందిన చరిత్రను చమురు పోయి గ్యాసు, గ్యాసు పోయి కరెంటు వచ్చిన వరుసగా చెప్పడం మనకు అలవాటు. ఆ వరుసలో తప్పులేదు గానీ అసలు మార్పు అందులో దొరకదు. మంట ప్రదర్శకుడి కంటి ముందు నుంచి గోడ అవతలికి వెళ్ళిపోయింది. ఇవాళ సభలకూ ఉత్సవాలకూ తక్కువ డీజిల్‌తో కరెంటు ఇవ్వాలని పాటుపడేవాళ్ళు నిజానికి తలపడుతున్నది ఆ గోడతోనే.

ఆ గోడ ఎలా లేచిందో 1881 అక్టోబరులో లండన్‌లో తెరిచిన సావోయ్ థియేటర్‌లో చూడొచ్చు. జనం చేరే పెద్ద భవనాల్లో పూర్తిగా విద్యుద్దీపాలకు మారినవాటిలో అదే మొదటిదని పేరు. జోసెఫ్ స్వాన్ తయారుచేసిన దాదాపు 1,200 బల్బులకు కరెంటిచ్చే డైనమోలనూ, వాటిని తిప్పే ఆవిరి యంత్రాన్నీ పక్కనున్న ఖాళీ జాగాలో పెట్టారు. మొదట ఆ శక్తి ప్రేక్షకుల హాలుకే చాలింది. రంగస్థలానికి డిసెంబరు 28 దాకా గ్యాసే దిక్కయింది. ఆ రోజు యజమాని డోయ్లీ కార్ట్ వెలుగుతున్న బల్బును మస్లిన్ గుడ్డలో చుట్టి పగలగొట్టి, గుడ్డ కాలలేదని చూపించాడు. బయట బొగ్గు కాలుతున్న సంగతి ఆ గుడ్డ ఎలా చెబుతుంది? అలాగని పాత మంటలను పొగడాల్సిన పనిలేదు. అదే నెల 8న వియన్నాలోని రింగ్ థియేటర్‌లో గ్యాసు వల్ల చెలరేగిన నిప్పు వందలమందిని బలిగొంది. మంట గోడ దాటడం ప్రాణాలు కాపాడింది. లెక్క కూడా దాంతోపాటే గోడ దాటింది.

ఇంధనం మారిస్తే చాలదా అని అడగొచ్చు. 1900లో పారిస్ ప్రదర్శనలోనే ఒక డీజిల్ ఇంజను వేరుశనగ నూనెతో నడిచింది. ఆ దారి అప్పుడే తెరిచి ఉంది. కానీ ఏ నూనె పోసినా ఒక చిక్కు మిగులుతుంది. లైట్లు, సౌండు అన్నీ ఒకేసారి గుంజే ఘడియకు సరిపడేలా పెద్ద జనరేటరు తెస్తారు. మిగతా రాత్రంతా అది తక్కువ లోడు మీద నడుస్తూ, యూనిట్‌కు ఎక్కువ నూనె తాగి, సరిగా కాలని మసిని లోపల పేర్చుకుంటుంది. మధ్యలో కరెంటు పోతే పరువేం కావాలంటారు నిర్వాహకులు. న్యాయమైన భయమే. అయితే గంటగంటకూ లోడు రాసిపెట్టుకుంటే చిన్న జనరేటరుకు బ్యాటరీ జోడించి ఆ భయాన్ని తీర్చవచ్చు.

జనరేటరు పొగ ఎంతలే, జనం వచ్చిన బళ్ళ పొగే ఎక్కువ అనేవాళ్ళూ ఉన్నారు. పెద్ద ఉత్సవాల్లో చాలాచోట్ల అది నిజమే. ఆ లెక్కనూ కట్టి చూసిన సందర్భం ఒకటుంది. 2003 అక్టోబరులో వాషింగ్టన్‌లో జరిగిన ఒక అంతర్జాతీయ సమావేశం పొగకు బదులుగా, ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ అనే గోండు గూడెం మహిళా సంఘాల నుంచి 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గింపును ప్రపంచ బ్యాంకు కొనింది. ఆ తగ్గింపుకు ఆధారం డీజిల్ స్థానంలో కానుగ నూనె, ఒకప్పుడు పల్లెల్లో దీపాలకు పోసిన నూనె. సంఘాలకు ముట్టింది 645 డాలర్లు. టన్నుకు నాలుగున్నర కూడా పడలేదు.